అలసంద వేసిన ఎర

నల్లరేగడి చేలో ముసలి ఎద్దు, పూరేడు పిట్ట కలిసి ఏటా జొన్న వేసుకునేవి. ఎద్దుకు చొప్ప, పిట్టకు గింజ. నిరుడు ఆ చేలో జొన్నమల్లె పడింది. పూలు చూస్తే ముద్దొచ్చే ఆ కలుపు, మట్టికిందే జొన్న వేరును పట్టుకుని రసమంతా పీల్చేసింది. కంకి నిలవలేదు.

"ఈసారీ ఇంతే అయితే మేత వెతుక్కుంటూ దేశం మీద పడాలి అమ్మాయ్," అంది ఎద్దు.

"నువ్వెందుకు పోతావు తాతా? పోవాల్సింది ఆ నక్క!"

పూరేడుకు తెలుసు. తోకకు మల్లె విత్తనం అద్దుకొచ్చి చేలో దులిపింది నక్కే. చేను బీడుపడితే పొదలు లేస్తాయి, పొదలు లేస్తే వేటకు చాటు దొరుకుతుందని దాని ఆశ.

పూరేడు వానపాము దగ్గరికెళ్లి అడిగింది. "అత్తా, కిందుండేదానివి నువ్వు. ఆ విత్తనాలేం చేస్తుంటాయి?"

"ఏళ్లకేళ్లు నిద్రే! జొన్న వేరు నుంచి ఊరే రసం వాసన తగిలితే మాత్రం మొలకెత్తి అతుక్కుంటాయి. వేరు పట్టు దొరక్కపోతే చస్తాయి. కూడు మూట కట్టుకు రాలేదుగా!"

"జొన్న వాసనకేనా?"

"అలసంద వేరు వాసనకూ లేస్తాయి, తిక్కమొహాలు! ఆ వేరులోకి మాత్రం వాటి కోర దిగదు."

తొలకరి పడగానే చేను నిండా అలసంద వేశాయి. మొక్క నిలదొక్కుకున్నాక పూరేడు గట్టెక్కి గొంతు చించుకుంది.

"ఓ నక్క మామా! నీ మల్లెకు బెదిరి జొన్న మానేశామనుకున్నావా? ఈ అలసంద కాగానే ఇదే చేలో జొన్న వేస్తాం. నీ దగ్గరున్నదంతా చల్లుకో, చూస్తాం!"

"పిడికెడు లేవు, అంత పొగరా?" నక్క బొరియలో దాచిన విత్తనమంతా ఈడ్చుకొచ్చి, మూలమూలకూ తిరిగి దులిపి పోయింది.

ఎద్దు పూరేడు వైపు తిరిగి కొమ్ములాడించింది. "ఏం పిల్లవే నువ్వు! ఉన్న తెగులు చాలక పిలిచి మరీ తెస్తావా?"

"కాస్త ఓపిక పట్టు తాతా."

ఇంకో రెండు వానలు పడ్డాక వానపాము తల పైకెత్తింది. "కిందంతా శవాలేనే పిల్లా! నోళ్లు తెరుచుకుని లేచాయి, పట్టు దొరక్క ఎండిపోయాయి."

అలసంద కాయ కోసుకున్నాక జొన్న వేశాయి. ఒకటీ అరా తలెత్తిన మల్లెను ఎద్దు గిట్టతో పెకలించింది. కంకులు దాని కొమ్ములను దాటి ఎదిగాయి.

నక్క వచ్చి గట్టు మీద నిలబడి చేనంతా కలయజూసింది. "నా మల్లె ఏదీ?"

"నువ్వే చల్లావుగా మామా, నీ తోకతోనే! ఇంకా ఉంటే తెచ్చుకో."

ఎక్కడిది, బొరియ ఎప్పుడో ఖాళీ. నక్క తోక ముడిచి వేరే కొండ దారి పట్టింది. ఎద్దు పచ్చి చొప్ప నములుతూ, కంకి మీద కూర్చున్న పూరేడును చూసి తృప్తిగా తలాడించింది.

నీతి: వాసన తగిలితే చాలు, ముందూ వెనకా చూడక లేచేవాణ్ణి ఓడించడానికి బలం అక్కర్లేదు, ఎర ఉంటే చాలు.