గీత దాటిన రాకుమారి

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. చిన్నవాడు ఇందుసేనుడికి మేనమామ కూతురు కువలయ అంటే ప్రాణం. ఆ పిల్లను కంకాళుడనే మాంత్రికుడు ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయి, గుడ్డ మీద బొమ్మగా మార్చేశాడు. బొమ్మ చుట్టూ ద్వారం లేని గోడ గీశాడు.

"గుడ్డ చింపకుండా, గోడ చెరపకుండా పిల్లను గోడ దాటించండి చూద్దాం! రంగు ఆరిందా, ఇక ఎప్పటికీ బొమ్మే," అని రాజుకు కబురంపాడు.

పెద్దవాడు వెళ్ళి గోడకు ద్వారం గీశాడు. గోడ దాన్ని మింగేసింది. రెండోవాడు వెళ్ళి నిచ్చెన గీశాడు. అది గోడ పక్కనే హాయిగా పడుకుంది. ఇద్దరూ తలలు వేలాడేసుకుని తిరిగొచ్చారు.

అప్పుడు చిన్నవాడు బయలుదేరాడు. ఏడో సముద్రం ఒడ్డున ఒక జిల్లేడాకు మీద పాలు చుట్టూ కారి, మధ్యలో చీమ చిక్కుకుని ఏడుస్తోంది. వేలు పెడితే నలిగిపోతుందని, ఇందుసేనుడు ఆకు కొసను మెల్లగా వంచి దాని ముందు ఆనించాడు. చీమ కొస ఎక్కి బయటపడింది.

"ముందూ వెనకా, కుడీ ఎడమా తప్ప ఇంకో దిక్కుందని నాకు తెలీదు నాయనా! నా ఆకే లేచి నా దగ్గరికొచ్చింది," అంది.

ఇందుసేనుడు ఆలోచనలో పడ్డాడు. చీమకు గోడైంది నాకు ఉత్త గీత. మరి నాకు గోడలైనవి ఇంకెవరికి గీతలో!

అతను చేరేసరికి రంగు ఆరిపోవచ్చింది. "భయపడకు మరదలా," అంటూ గుడ్డ ఖాళీ చెంగును మడిచి బొమ్మ మీద అద్ది, విప్పాడు. గోడ చెక్కుచెదరలేదు. కువలయ మాత్రం చెంగు మీదికి అంటుకుంది. మరుక్షణం ప్రాణంతో లేచి "బావా!" అంది. కంకాళుడి మంత్రం ఆనాటితో సరి.

పెళ్ళిలో చెయ్యి పట్టుకునే వేళ కువలయ ఎడమ చెయ్యి చాచింది. కుడి చెంప మీది పుట్టుమచ్చ కూడా ఎడమకు మారి ఉంది. మేనమామ తెల్లబోయాడు.

"ఇది నా కూతురేనా?"

కువలయ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇందుసేనుడు అద్దం తెప్పించి ఆమె ముందు పెట్టించాడు. అద్దంలో మచ్చ కుడి చెంప మీదే ఉంది.

"అద్దినప్పుడు కుడి ఎడమైంది మామా, అంతే. పిల్ల మీ పిల్లే," అని, తనూ ఎడమ చెయ్యే చాచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

వాళ్ళు చాలాకాలం చల్లగా ఏలారు. ఆ రాజ్యంలో ఏ పిల్లైనా ఎడమ చేత్తో ఏదైనా ఇస్తే ఎవరూ కసరరు. నవ్వి, తామూ ఎడమ చేత్తోనే అందుకుంటారు.