నేలకు సంకెళ్లు

నేలంతా నల్లరేగడే అయిన ఒకానొక రాజ్యంలో ఉద్దండవర్మ అనే రాజు ఉండేవాడు. తన మాటంటే ఎండకూ వానకూ కూడా హడలేనని ఆయన నమ్మకం.

ఆయన ముచ్చటపడి ఒక విలాసమందిరం కట్టించుకున్నాడు. తొలకరి వానకు దాని కింది రేగడి ఉబ్బి గడపను పైకెత్తేసింది. తలుపు బిగుసుకుపోయింది. లోపలున్న రాజుగారిని భటులు కిటికీలోంచి బయటికి లాగవలసి వచ్చింది. రాజుగారు పొట్ట దగ్గర ఇరుక్కున్నారు. అది చూసి రాణిగారు పకపకా నవ్వారు.

అంతే! "దీన్ని కట్టిన మేస్త్రి ముత్తననూ వాడి మనుషులనూ చెరలో వేయండి. రేపు తలలు తీయించండి!" అని రాజు గర్జించాడు.

ఆస్థానంలోని చమత్కారి బొల్లన లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, గడపను ఎత్తింది ముత్తనా, నేలా?"

"నేలే."

"మరి తమవంటి ధర్మప్రభువులు నేరం చేసినవాణ్ణి వదిలి పక్కవాణ్ణి శిక్షిస్తారా?"

రాజు మీసం దువ్వాడు. "నిజమే. నేలకు దేశబహిష్కారం!"

"చిత్తం. తట్టలు తెప్పిస్తాను. కానీ నేలంతా వెళ్లిపోయాక తమరు దేనికి రాజు ప్రభూ?"

సభ నోరు మూసుకుని నవ్వింది. రాజు గొంతు సవరించుకున్నాడు. "అయితే సంకెళ్లు వేయించు!"

"వేయిస్తాను. వేసేవాళ్లే చెరలో ఉన్నారు."

ముత్తన బృందాన్ని వదిలారు. బొల్లన మందిరం కింది మట్టి తవ్వించి, గోగునారను వేలెడేసి ముక్కలు కొట్టించి, మట్టిలో కలిపి తొక్కించి, దిమ్మిసలతో గట్టిగా కొట్టించి, పైన గడపను మళ్లీ సరిగా కూర్చోబెట్టించాడు.

"ఇవేం సంకెళ్లయ్యా? గోగునార!" అన్నాడు రాజు.

"ఒంట్లోకి దిగే సంకెళ్లు ప్రభూ. నేల ఉబ్బబోతే పట్టుకుంటాయి, విచ్చబోతే లాగుతాయి."

"ఉబ్బిందా, ముందు ఎగిరేది నీ తలే!"

ముసురు పట్టింది. బొల్లన పైకి నవ్వుతున్నా, చేయి మాటిమాటికీ మెడమీదికే పోతోంది. వాన వెలిశాక రాజు లోపలికెళ్లి తలుపు వేసుకున్నాడు.

తలుపు చిటికెనవేలితో తోస్తేనే తెరుచుకుంది! రాజు మళ్లీ వేశాడు, మళ్లీ తీశాడు. చంటిపిల్లాడిలా గెంతాడు.

"చూశావా బొల్లనా! నేల కూడా నా ఆజ్ఞకు లోబడింది!"

"లోబడింది ప్రభూ. కాకపోతే ఆజ్ఞ ఒక్కటే సరిపోక, కాస్త గోగునార కూడా కలపవలసి వచ్చింది."

రాజు ఒక్క క్షణం గుడ్లురిమాడు. మరుక్షణం పొట్ట పట్టుకుని, కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. ముత్తన బృందానికి కొత్తబట్టలు పెట్టించి, తన చేతి కడియం తీసి బొల్లన చేతికి తొడిగాడు.