పీకల గుత్తీ, ఎర్ర బండీ

ఏడుకొండలుకి మోటార్ సైకిల్ కొనుక్కోవాలని ఉంది. అందులో తప్పేమీ లేదు. ఏది కొనాలన్న దగ్గరే చిక్కు వచ్చి పడింది.

అతను సన్నాయి విద్వాంసుడు, ఇంకా పాతికేళ్ళు నిండలేదు. పర్చూరు పక్క పల్లెలో షేక్ హుస్సేన్ వలీ గారి దగ్గర చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నాడు. ఆ వైపు సాయిబుల ఇళ్ళలో సన్నాయి తరతరాలుగా ఉన్న విద్యే. రాములవారి కల్యాణమైనా, ఊళ్ళో పెళ్ళయినా హుస్సేన్ వలీ గారు వచ్చి కూర్చుంటేనే పందిరి నిండినట్టుండేది. ఈమధ్య ఆయన పక్క సన్నాయి పట్టుకుని, శిష్యుణ్ణే ముందు నడవనిస్తున్నారు.

పెళ్ళిళ్ళ కాలంలో పొద్దున ఒక ఊళ్ళో ముహూర్తముంటే మధ్యాహ్నానికి ఇంకో ఊళ్ళో ఉంటుంది. బస్సును నమ్ముకుంటే కుదరదు. పోయిన మాఘంలో బస్సు ఆలస్యమై ఏడుకొండలు వెళ్ళేసరికి, పెళ్ళికూతుర్ని మేనమామ గంపలో కూర్చోబెట్టి పీటల మీదికి తెచ్చేశాడు. ఆ ఇంటివాళ్ళు మొహం మీద ఏమీ అనలేదు గానీ, రెండో పిల్ల పెళ్ళికి వేరే మేళాన్ని పిలుచుకున్నారు.

అంచేత బండి అవసరమే. కానీ అవసరానికి మోజు కూడా తోడయింది. చీరాలలో బండ్ల షాపుకి వెళ్ళి, ముందుకు ఒంగి కూర్చుని నడిపే స్పోర్ట్స్ బండ్లు రెండు చూసి వచ్చాడు. ఒకటి ఎర్రది, పెద్ద ఇంజను. స్టార్ట్ చేస్తే షాపు అద్దాలు గలగలమన్నాయి. రెండోది నీలం రంగుది. ఇంజను చిన్నది, వాలకం మాత్రం అదే. ఎర్రదాని మీద కూర్చున్నవాడికి నీలందాని మీదికి చూపు పోదు.

బీమా సంగతి ఇక్కడ కొంచెం నిదానంగా చెప్పుకోవాలి, చాలామంది తికమకపడేది అక్కడే. బండికి బీమా రెండు రకాలు. మన బండి తగిలి ఎదుటి మనిషికి దెబ్బ తగిలితే ఆ మనిషికి పరిహారం ఇచ్చేది మొదటిది. అది లేకుండా బండి రోడ్డెక్కడానికి చట్టం ఒప్పుకోదు. మన బండి విరిగినా, దొంగలెత్తుకుపోయినా మనకు వచ్చేది రెండోది. దాన్ని కట్టమని ఎవరూ బలవంతం చెయ్యరు. రెండూ కలిపితే ఫుల్ ఇన్సూరెన్స్. ఇంజను పెద్దదయ్యేకొద్దీ మొదటిదానికి ఎక్కువ కట్టాలి. బండి ఖరీదైనదయ్యేకొద్దీ రెండోదానికి ఎక్కువ కట్టాలి. ఎర్ర బండికి రెండు విధాలా ఎక్కువే.

ఏడుకొండలు కూడబెట్టుకున్న డబ్బుకి ఎర్ర బండి, చట్టం అడిగే బీమా వస్తాయి. అక్కడితో చెయ్యి ఖాళీ. లేదంటే నీలం బండి తీసుకుని రెండు బీమాలూ కట్టుకోవచ్చు.

షాపులో అమ్మేవాడు మంచివాడే. "అన్నా, ఎర్రదానికి ముందున్న ఈ తొడుగు చూశావూ, ఇది పగిలితే అతుకు వెయ్యడం కుదరదు. మొత్తం మార్చాల్సిందే. తీసుకుంటే ఫుల్ కట్టించుకుని తీసుకో," అన్నాడు.

ఏడుకొండలు ఆ మాట విన్నాడు, విననట్టే వచ్చేశాడు.

గురువుగారికి చెప్పకుండా ఏ పనీ చెయ్యడు కాబట్టి, ఆ మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాడు. హుస్సేన్ వలీ గారు వసారాలో కూర్చుని పీకలకు దారం చుడుతున్నారు. డోలు వాయించే పిచ్చయ్య గోడకి చేరగిలబడి మరమరాలు తింటున్నాడు.

పీక అంటే ఏమిటో తెలియనివాళ్ళకి ఒక మాట. సన్నాయి పై కొసన, పెదవుల మధ్య పెట్టుకుని ఊదే చిన్న రెల్లు ముక్క అది. సన్నాయి ఎంత పొడుగున్నా పలికేది దానివల్లే. గట్టిగా ఊదుతుంటే దాని అంచు చీలవచ్చు, చీలకపోవచ్చు. అందుకని వాయించేవాళ్ళు ఇంకొన్ని పీకల్ని గుత్తిగా కట్టి సన్నాయికే వేలాడదీసుకుంటారు. చూసేవాళ్ళు అదేదో అలంకారం అనుకుంటారు.

"ఎర్రదే తీసుకుందామనుకుంటున్నా గురువుగారూ," అన్నాడు ఏడుకొండలు.

"తీసుకో," అన్నారాయన తలెత్తకుండా. "బీమా?"

"చట్టం అడిగేది కడతాను. రెండోది దండగ. ఇన్నాళ్ళ నుంచీ మా నాన్న మోపెడ్ నడుపుతున్నాను, ఒక్కసారి పడలేదు. పడనివాడు ఎందుకు కట్టాలి?"

పిచ్చయ్య మరమరాలు నములుతూనే నవ్వాడు. "ఒరేయ్ కొండలూ, ఆ మోపెడ్ పడాలంటే ముందు కదలాలి గదరా!"

"నీకెందుకు బాబాయ్? నువ్వు బస్సులో రా."

"బస్సులోనే వస్తాలే. ఆ బండి మీద సాష్టాంగపడి వెళ్ళాలంట గదా. పెళ్ళింటికి చేరేసరికి నడుం పట్టేసిందంటే, వీడు పడుకుని వాయిస్తాడు, మనం కూర్చుని వినాలి గురువుగారూ."

హుస్సేన్ వలీ గారు నవ్వలేదు. చేతిలో పీకని వెలుతురుకి ఎత్తి అంచు చూసి, గుత్తిలో చేర్చారు.

"రేపు ఇంకొల్లులో పెళ్ళి. పెందలాడే రా," అన్నారు.

ఏడుకొండలు చిన్నబుచ్చుకున్నాడు. ఆయన అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. అవుననే అనుకుందామని షాపువాడికి ఫోన్ చేసి, ఎల్లుండి డబ్బు తెస్తాను, ఎర్రది నా పేరు మీద ఉంచమని చెప్పాడు.

మర్నాడు ఇంకొల్లు కల్యాణ మండపంలో పందిరి కింద జంపఖానా పరిచారు. పెళ్ళికూతురి తాతగారు రంగనాయకులు గారు ముందు వరుసలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. చూపు తగ్గింది గానీ చెవి తగ్గలేదాయనకి.

"ఏమయ్యా అబ్బాయ్, నువ్వేనా? మా తమ్ముడి మనవరాలి పెళ్ళిలో కల్యాణి వాయించావు. పై షడ్జం మీద నిలబెట్టావు చూడూ, నేను తాంబూలం నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయాను. ఈ రోజు కూడా అదే కావాలి నాకు."

"అలాగేనండీ," అన్నాడు ఏడుకొండలు. ఛాతీ కొంచెం విశాలమయింది.

సన్నాయి సంచిలోంచి తీసి పీక తడుపుకుంటుంటే గురువుగారు పక్కనుంచి చెయ్యి చాచారు.

"ఆ గుత్తి ఇటియ్యి."

"మీ సన్నాయికి ఉన్నాయిగా గురువుగారూ?"

"ఉన్నాయి. నీవి ఇయ్యి."

ఏడుకొండలు ముడి విప్పి ఇచ్చాడు.

"ఈ ఏడు వాయిస్తూ వాయిస్తూ పీక మార్చుకున్నావా?"

"లేదు గురువుగారూ."

"పోయిన ఏడు?"

"లేదండీ."

"మరి దండగేగా," అని గుత్తిని లాల్చీ జేబులో వేసుకుని, తన సన్నాయి ఎత్తి పట్టుకున్నారు. పిచ్చయ్య వేళ్ళకి తొడుగులు బిగించుకుంటున్నవాడు ఒకసారి తల తిప్పి చూశాడు.

మేళం మొదలయింది. ఏడుకొండలు వాయించాడు. తప్పు చేసేంత కొత్తవాడు కాదు. గౌరీపూజకీ, పెళ్ళికూతుర్ని గంపలో తెచ్చినప్పుడూ ఏది ఎప్పుడు వాయించాలో అది వాయించాడు. అయితే మామూలుగా వాయించేటప్పుడు కళ్ళు మూసుకునే అలవాటున్నవాడు, ఆ రోజు మాటిమాటికీ కళ్ళు దించి పీక కేసి చూసుకున్నాడు.

కాసేపు తీరిక దొరికితే రంగనాయకులు గారు వేలు ఎత్తారు. ఏడుకొండలు కల్యాణి అందుకున్నాడు. కిందిస్థాయిలో బాగానే తిరిగాడు. మధ్యస్థాయిలో నెమ్మదిగా మెట్లెక్కాడు. పై షడ్జం దాకా వచ్చాడు. ఊపిరి నిండా ఉంది, వేళ్ళు సిద్ధంగా ఉన్నాయి. ఇంకొంచెం బిగించి ఊదాలి. ఊదితే పీక ఆగుతుందా? ఇప్పుడు చీలితే ఏం చేస్తాడు? ఇంకాసేపట్లో మాంగల్యధారణ. గట్టిమేళం వేళకి మేళాన్ని నడిపే సన్నాయి మూగబోతే ఊరు ఊరంతా అదే చెప్పుకుంటుంది.

షడ్జాన్ని తాకీ తాకకుండా వదిలేసి కిందికి దిగిపోయాడు.

రంగనాయకులు గారు మరికాస్త సేపు చెవి ఒగ్గి చూశారు. తరవాత "బాగుంది" అని, పక్కవాళ్ళని మజ్జిగ అడిగారు.

పురోహితుడు చెయ్యి ఎత్తాడు. పిచ్చయ్య డోలు ఉరిమింది, రెండు సన్నాయిలూ ఒక్కసారి లేచాయి, అక్షింతలు పడ్డాయి. పీక చీలలేదు. ఏమీ కాలేదు. అందరూ కడుపునిండా భోజనం చేశారు.

చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర హుస్సేన్ వలీ గారు శిష్యుడి పక్కన నిలబడ్డారు.

"పీక చీలిందా?"

"లేదు గురువుగారూ."

"అంచు మెత్తబడిందా?"

"లేదండీ. బాగానే ఉంది."

"మరి కల్యాణి ఏమయింది?"

ఏడుకొండలు కుళాయి కట్టేశాడు. "భయమేసింది," అన్నాడు.

గురువుగారు చెయ్యి కండువాకి తుడుచుకుని, జేబులోంచి గుత్తి తీసి అతని అరచేతిలో పెట్టారు. బస్సు వస్తోందని పిచ్చయ్య గేటు దగ్గరనుంచి కేకేశాడు. ఆయన అటు నడిచారు.

ఏడుకొండలు అక్కడే నిలబడి గుత్తిని సన్నాయికి కట్టుకున్నాడు. దారం రెండు సార్లు లాగి చూసుకున్నాడు. అప్పుడు బస్సెక్కాడు.

దారి పొడవునా గుత్తి మీద చెయ్యి వేసుకునే కూర్చున్నాడు. బండి గురించి ఎత్తలేదు. పిచ్చయ్య రెండుసార్లు కదిపి చూసి, "వీడికి బండి ఇంకా రాలేదు గానీ, అప్పుడే హెల్మెట్ పెట్టేసుకున్నట్టున్నాడు, ఏమీ వినబడ్డం లేదు," అని కిటికీ వైపు తిరిగి నిద్రపోయాడు.

ఎల్లుండి అన్న రోజుకి ఏడుకొండలు చీరాల వెళ్ళాడు. సాయంత్రం ఎండ తగ్గాక గురువుగారి వాకిట్లో బండి ఆగింది. నీలం రంగుది. ఏడుకొండలు నెత్తిన హెల్మెట్ ఉంది, ఇంకోటి చేతికి తగిలించుకున్నాడు. వీపున సన్నాయి సంచి.

పిచ్చయ్య బండి చుట్టూ తిరిగి చూశాడు. "ఎర్రదన్నావు గదరా? ఎండకి వెలిసిందా?"

"ఎర్రది షాపులోనే ఉంది బాబాయ్. కావాలంటే నువ్వు తెచ్చుకో."

"నాకెందుకురా, నా డోలుకే చోటు చాలదు. అదేమిటి, వెనక సీటు అంత ఎత్తున పెట్టారు? అటక మీద కూర్చోబెట్టినట్టు!"

హుస్సేన్ వలీ గారు లోపల్నించి వచ్చారు. బండి రంగు చూడలేదు, ఇంజను చూడలేదు.

"రెండోది కట్టావా?"

"కట్టాను గురువుగారూ."

ఆయన మళ్ళీ లోపలికి వెళ్ళి తన సన్నాయి సంచి భుజాన వేసుకుని వచ్చారు. శిష్యుడి చేతిలోని హెల్మెట్ తీసుకుని టోపీ మీదనే పెట్టుకోబోయి, అది పట్టక, టోపీ తీసి జేబులో పెట్టుకున్నారు. పిచ్చయ్య భుజం పట్టుకుని, ఆ అటక మీదికి ఎక్కి కూర్చున్నారు.

"ఎక్కడికి గురువుగారూ?"

"ఇంకొల్లు. ఆ పెద్దాయనకి నువ్వు కల్యాణి బాకీ ఉన్నావు."

ఏడుకొండలు చెయ్యి వెనక్కి పోనిచ్చి, సంచి మూతి దగ్గర గుత్తి తగిలేదాకా తడుముకున్నాడు. తగిలింది. బండి స్టార్ట్ చేశాడు.