చందమామ ఇల్లు, సూర్యుడి ఇల్లు

అనగనగా, మలయాళం వాళ్ళ దేశంలో, కొండ కింద ఒక ఊళ్ళో అమ్మిణి అని ఒక పిల్ల ఉండేది కన్నా. నీ అంతే, ఎనిమిదేళ్ళు. వాళ్ళమ్మమ్మని ముత్తశ్శీ అని పిలిచేది. అక్కడ అలాగే అంటార్లే.

ముత్తశ్శికి పెరట్లో ఒక మిరియాల తీగ. పెళ్ళయి వచ్చిన ఏడు తన చేత్తో పెట్టుకున్నది. అమ్మిణికి ఎనిమిదేళ్ళప్పుడు గాలివానకి తీగ ఎక్కిన చెట్టు కూలిపోయింది. తీగా పోయింది. అప్పుడు ముత్తశ్శి మూడంటే మూడు ముక్కలు కోసి, తడి ఇసక కుండలో గుచ్చింది. ఇక ఆ తీగ మిగిలితే వాటితోనే మిగలాలి.

"తిరువాతిరలో నాటాలి," అంది. అంటే మన ఆరుద్ర నక్షత్రమే.

అమ్మిణికి ఆత్రం ఎక్కువ. చెప్పకుండా నాటేసి ముత్తశ్శిని మురిపిద్దామనుకుంది. గోడ మీద క్యాలెండర్ చూసింది. అందులో ప్రతి రోజుకీ ఆ రోజు నక్షత్రం రాసుంటుంది. మేడం నెలలో, అంటే మంచి ఎండాకాలంలో, ఒక గడిలో తిరువాతిర కనబడింది. ఇంకేం! ఒక ముక్క తీసుకెళ్ళి పనస చెట్టు మొదట్లో నాటేసింది. వారం తిరక్కుండా మాడిపోయింది పాపం.

ఆ తర్వాత ఇరవై ఏడు రోజులకి, ఎడవం నెలలో, మళ్ళీ తిరువాతిర. రెండోది నాటింది. అప్పుడు మొదలైంది చూడు వాన, కుండపోత! గొడుగు తెచ్చి దానికి పట్టుకుని నిలబడింది పిచ్చిపిల్ల.

పక్కింటి వేలాయుధన్ మామ చూసి, "ఏమే అమ్మిణీ, పుల్లకి జలుబు చేస్తుందనా?" అని ఒకటే నవ్వు.

అదీ కుళ్ళిపోయింది. అమ్మిణి వెక్కుతూ వెళ్ళి అంతా చెప్పేసింది. ముత్తశ్శి కుండలో మిగిలిన ఒక్క ముక్కని తడిమి చూసింది.

"క్యాలెండర్లో తిరువాతిర అనే ఉంది ముత్తశ్శీ!"

"అది చందమామ లెక్కే తల్లీ. ఆయన రోజుకో చుక్క ఇంట్లో పడుకుంటాడు. నాటడానికి సూర్యుడు రావాలి ఆ ఇంటికి. ఆయన నెమ్మదస్తుడు, ఒక్కో ఇంట్లో పద్నాలుగు రోజులు కూర్చుంటాడు. తిరువాతిరకొచ్చాడా, కాసేపు వాన, కాసేపు ఎండ. తీగకి కావలసింది అదే."

మనం ఆరుద్ర కార్తె అంటాం చూడు, అదే కన్నా.

"ఇది కూడా నువ్వే నాటు," అంది ముత్తశ్శి.

"అమ్మో, నేనొద్దు. చంపేస్తాను."

"రెండుసార్లు గొయ్యి తవ్వావుగా, నీ చేతికే అలవాటు."

ఆ తర్వాత రోజూ పొద్దున్నే అమ్మిణి అడిగేది, "వచ్చాడా?" అని. "దార్లో ఉన్నాడు," అనేది ముత్తశ్శి. మిథునం నెలలో వచ్చాడు. ఇంకో వారానికి క్యాలెండర్లో కూడా తిరువాతిర పడింది. సూర్యుడూ చందమామా ఇద్దరూ ఒకే ఇంట్లో! ఆ రోజు అమ్మిణి నాటింది. కాసేపు జల్లు, కాసేపు ఎండ. కొన్నాళ్ళకి ఉడత చెవంత ఆకు వేసింది.

మూడో ఏడు కాసింది. ముత్తశ్శి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "అదే తీగే!" అని కళ్ళు తుడుచుకుంది. అమ్మిణి ఒక గుత్తి తెంపి వేలాయుధన్ మామకి ఇచ్చి, "కషాయం పెట్టుకో మామా, జలుబు చేస్తుంది," అంది.

ఇందాక చారులోంచి ఏరి పక్కన పెట్టావే, అది అలా పుడుతుంది. రేపు పారెయ్యకేం?

చుక్కలేమో మింటికి, నిద్ర నీ కంటికి,
కథేమో కంచికి, మిరియం మనింటికి!