కట్టుబద్దల మోతకు మోకరిల్లిన చుక్కమ్మ

అనగనగా ఎర్రవాగు ఒడ్డున దొనపాడు అనే ఊళ్ళో దూదేకుల మస్తానమ్మ అనే పద్నాలుగేళ్ళ పిల్లకు అన్యాయం జరిగింది. ఎప్పుడో చెబుతాను, గుర్తుపెట్టుకో. 1968 జనవరి 7, ఆదివారం, రంజాను పండగ వెళ్ళిన వారం. తేదీ లేని అన్యాయాన్ని ఊరు తేలిగ్గా మింగేస్తుంది, అందుకని చెబుతున్నా.

ఆ సిమెంటు కట్టు గోక్కోకు అమ్మడూ. నీ సైకిలు ఎక్కడికీ పోదు, వసారాలోనే ఉంది. కథ విను.

మస్తానమ్మకు అమ్మా నాన్నా లేరు. అమ్మమ్మ హుసేనమ్మ, మేనమామ దస్తగిరి పెంచారు. దస్తగిరికి ఒక ఆడగుర్రం ఉండేది. ఒళ్ళంతా ఎరుపు, నుదుటి మీద తెల్లచుక్క. పేరు చుక్కమ్మ. పెళ్ళి ఊరేగింపులకు దాన్ని తోలుకెళ్ళేవాడు. డప్పువాళ్ళు టక్కు టక్కు, ఆగి, టక్కు అని ఒక వరస కొడితే ముందుకాళ్ళు మడిచి మోకరిల్లేది. పెళ్ళికొడుకు పొట్టివాడైనా బొద్దువాడైనా పంచె ఊడకుండా ఎక్కాలి కదా మరి.

పెళ్ళిళ్ళు లేని రోజుల్లో మాత్రం చుక్కమ్మ మస్తానమ్మది. ఎడమకాలు రికాబులో పెట్టి ఒక్క ఊపున జీను మీదికి ఎగిరేది. వాగు ఇసుక మీద పోతుంటే వెనకాల దుమ్ము తప్ప మనిషి కనబడేది కాదు. ఆ పిల్లకు అంతకు మించిన ఇష్టం లోకంలో ఇంకోటి లేదు.

ఆ ఊళ్ళో ఒక దర్గా ఉంది. ఏటా ఉరుసుకి అక్కడ గుర్రప్పందెం పెట్టేవాళ్ళు. దానికి రెండు కట్టుబాట్లు. గుర్రాలన్నీ ఖాళీ జీన్లతో వరసగా నిలబడాలి, డప్పు మోగాక ఎవరి గుర్రం వాళ్ళే ఎక్కాలి. ఎక్కేటప్పుడు ఇంకో మనిషి చెయ్యి తగిలిందా, పందెంలోంచి బయటికి. అదొకటి. గెలిచినవాళ్ళ పేరు, తేదీ దర్గా ప్రహరీ మీద సున్నంతో రాయాలి, అదీ రెండోవాడే రాయాలి. ఓడినవాడి చేత గెలుపు రాయిస్తే పగలు ఉండవని పాతవాళ్ళ నమ్మకం. పాపం, పాతవాళ్ళు కోటిరెడ్డిని చూడలేదు.

అంతకు ముందటేడు ఉరుసులో మస్తానమ్మే గెలిచింది. పెదకాపు కొడుకు కోటిరెడ్డి రెండోవాడయ్యాడు. అప్పుడు వాడు సున్నం కుంచె పట్టుకుని ఏం రాశాడో తెలుసా? 'దస్తగిరి గుర్రం' అని రాశాడు. పిల్ల పేరు ఎత్తలేదు. గుర్రం తనకు తానే వాహ్యాళికి వెళ్ళి గెలిచి వచ్చిందన్నట్టు. ఆడపిల్ల పేరు గోడకెక్కితే బాగుండదు కదా అన్నాడట. ఊళ్ళో పెద్దలు మీసాలు దువ్వుకున్నారు.

ఆ తర్వాత ఆ ఆదివారం వచ్చింది. వాగు ఇసుకలో పిల్లలందరూ చెడుగుడు ఆడుతున్నారు. మస్తానమ్మ కూతకెళ్ళి ముగ్గుర్ని అంటి వెనక్కొచ్చింది. గీత దాటేసింది కూడా. గీత దాటాక ముట్టుకోకూడదని పాలు తాగే పిల్లకైనా తెలుసు. అప్పుడు కోటిరెడ్డి వెనకనుంచి ఎడమకాలు పట్టుకుని మెలిపెట్టాడు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది.

పెద్దలు వచ్చి చూసి, ఆటలో దెబ్బలు మామూలే అన్నారు. వాళ్ళ కాళ్ళు బాగానే ఉన్నాయి గదా, ఎన్నైనా అంటారు.

ఎముకల కట్టు కట్టే సుబ్బరాజు వచ్చాడు. కోడిగుడ్డు సొన, ఆకుపసరు పట్టించి, గుడ్డ చుట్టి, చుట్టూ వెదురుబద్దలు పెట్టి బిగించాడు. మూడు నెలలు కాలు కింద పెట్టొద్దన్నాడు. ఎముక అతుకుతుంది గాని మోకాలు వంగుతుందని చెప్పలేనన్నాడు. మోకాలు వంగకపోతే రికాబులో కాలు పెట్టేదెలా?  పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది.

కోటిరెడ్డి వాళ్ళమ్మ ఆరు కోడిగుడ్లు పంపింది. హుసేనమ్మ వాటిని వెనక్కి పంపేసి, గుడ్లు మా కోడి పెడుతుంది, మీవాడి నోటి వెంట తప్పయిందన్న ఒక్క మాట పెట్టించి పంపండి అని కబురు చేసింది. మాట రాలేదు.

మూడు నెలలు. తెల్లారితే చాలు, గాట్లో చుక్కమ్మ సకిలించేది. మంచం మీద మస్తానమ్మ దుప్పటి కొరుక్కునేది. దస్తగిరి గుర్రాన్ని వాగుకు తోలుకెళ్తుంటే దాని డెక్కల చప్పుడు మలుపు తిరిగేదాకా వినేది. ఆ తర్వాత చెవులు మూసుకునేది.

మూడు నెలలకు సుబ్బరాజు వచ్చి కట్టు విప్పాడు. ఎముక అతికింది. మోకాలు వంగలేదు. కాలు పలుగులా నిటారుగా ఉంది. వెదురుబద్దలు పారేయబోతే మస్తానమ్మ రెండు లాక్కుని దిండు కింద పెట్టుకుంది. ఉరుసు ఇంక పది రోజులుంది.

మర్నాడు రోలెక్కి గుర్రం మీదికి ఎగరబోయింది. చుక్కమ్మ పక్కకు జరిగింది. పిల్ల పేడలో పడింది.

ఆ తర్వాత గోడెక్కి దూకబోయింది. చుక్కమ్మ బెదిరింది. పిల్ల ముళ్ళకంపలో పడింది.

మూడోనాడు ఎక్కడానికి ఏమీ మిగల్లేదు. దండెం దగ్గర నిలబడి, ఏడుపు రాక, కోపం పోక, ఆ కట్టుబద్దలు రెండూ తీసి ఒకదాంతో ఒకటి కొట్టింది. పుట్టినప్పటినుంచి పెళ్ళిళ్ళలో విన్న వరసే చేతికి వచ్చింది. టక్కు టక్కు. ఆగింది. టక్కు.

చుక్కమ్మ చెవులు నిక్కబొడుచుకుంది. మెల్లగా వచ్చి, మస్తానమ్మ ముందు కాళ్ళు మడిచి మోకరిల్లింది.

పిల్ల కుడికాలు అటు వేసి కూర్చుంది. గుర్రం లేచింది. నేల మళ్ళీ కిందికి పోయింది. మూడు నెలల తర్వాత మొదటిసారి ఆ పిల్ల నవ్వింది.

అప్పుడే దస్తగిరి వచ్చి చూశాడు. సంతోషించాల్సింది పోయి తల పట్టుకున్నాడు. వాళ్ళ వృత్తిలో ఒక నియమం. ఊరేగింపు గుర్రం పెళ్ళికొడుక్కి తప్ప ఎవరికీ మోకరిల్లకూడదు. ఆడపిల్లకు వంగిందని తెలిస్తే ఇంక ఏ పెళ్ళివారూ పిలవరని భయం. బద్దలు పొయ్యిలో పెట్టమన్నాడు.

హుసేనమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే అంది:

"నా ఎరికలో నలభైమంది పెళ్ళికొడుకులకు వంగిందిరా నీ గుర్రం. అందులో ఒక్కడికైనా కళ్ళెం పట్టడం వచ్చా? జీను మీద కూర్చుని బెల్లం బస్తాల్లా ఊరేగారు. ఇన్నాళ్ళకు స్వారీ వచ్చిన మనిషికి వంగింది. దాని బుద్ధి నీకుంటే బాగుండు."

దస్తగిరి గుర్రాన్ని చూశాడు. ఆ తర్వాత జీను తోలుకు నూనె రాయడం మొదలుపెట్టాడు. మేనమామ ఒప్పుకున్నాడనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఉరుసు వచ్చింది. వాగు ఇసుకలో తొమ్మిది గుర్రాలు నిలబడ్డాయి. మస్తానమ్మ కర్ర పోటేసుకుంటూ వచ్చి చుక్కమ్మ పక్కన నిలబడితే జనం గుసగుసలాడారు. కోటిరెడ్డి మాత్రం గట్టిగానే అన్నాడు. పెళ్ళిగుర్రానికి కుంటిపెళ్ళికూతురు దొరికింది, నిచ్చెన తెప్పించమంటావా అన్నాడు. మస్తానమ్మ కర్ర పారేసి, నడుముకు దోపుకున్న బద్దలు తీసింది.

డప్పు గబగబా మోగింది. పందేనికి కొట్టే దరువు వేరు, చుక్కమ్మకు దాంతో పనిలేదు. మిగతా గుర్రాలన్నీ ఆ మోతకు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఒక కాలు రికాబులో, ఒక కాలు ఇసుకలో పెట్టి మగవీరులు గెంతుతున్నారు. అప్పుడు బద్దల చప్పుడైంది. టక్కు టక్కు, టక్కు. చుక్కమ్మ మోకరిల్లింది. మస్తానమ్మ ఎక్కింది. చుక్కమ్మ లేచింది. వాళ్ళు గెంతడం ఆపేసరికి దాని తోక కూడా దూరమైంది.

వాగుమలుపు దగ్గర పచ్చజెండా చుట్టి వెనక్కి రావాలి. అక్కడ కోటిరెడ్డి అందుకున్నాడు. ఎడమవైపునుంచి దూరబోయాడు. కానీ ఎడమవైపు మస్తానమ్మ వంగని కాలు పడవతెడ్డులా పక్కకు నిలబడి ఉంది. ఆ తెడ్డును చూసి వాడి గుర్రం బెదిరి ఇసుకమేట ఎక్కింది. ఏ కాలైతే విరిచాడో ఆ కాలే వాడికి అడ్డమొచ్చింది.

మస్తానమ్మ మూడు గుర్రాల దూరం ముందు వచ్చింది. కోటిరెడ్డి రెండోవాడే.

వాడు ఊరుకుంటాడా? ఎక్కడానికి సాయం తీసుకుంది, పందెం చెల్లదన్నాడు. పెదకాపు గొంతు సవరించుకున్నాడు. పెద్దల చేతులు మళ్ళీ మీసాల మీదికి పోయాయి. అప్పుడు దర్గా చూసుకునే ముజావరు, తొంభై ఏళ్ళ ముసలాయన, నెమ్మదిగా అన్నాడు:

"మనిషి చెయ్యి తగలకూడదన్నాం నాయనా. గుర్రం మోకాలు వంచకూడదని మా తాతలు చెప్పలేదు. నీ గుర్రాన్నీ వంగమని అడుగు, వంగితే నువ్వూ ఎక్కు."

జనం నవ్వారు. ఆ నవ్వుకు వాగు అవతల కొంగలు లేచిపోయాయి.

ముజావరు సున్నం ముంతా కుంచే తెచ్చి కోటిరెడ్డి చేతిలో పెట్టాడు. అప్పుడు వాడు మస్తానమ్మ దగ్గరికొచ్చి, ఎవరికీ వినబడకుండా, కాలి సంగతి తప్పయిందన్నాడు. గుర్రం మీదినుంచి దిగకుండానే ఆ పిల్ల చెప్పింది:

"కాలు దానంతటదే అతుక్కుంది. పేరు అతుక్కోదు. పోయి రాయి. గుర్రం పేరు కాదు, మా మామ పేరు కాదు."

వాడు రాశాడు. కుంచెలోంచి సున్నం కారింది గాని, రాశాడు. హుసేనమ్మ దగ్గర నిలబడి ప్రతి అక్షరం పూర్తయ్యేదాకా చూసింది. ఆమెకు చదువు రాదు. అయినా చూసింది.

ఆ తర్వాత ఏం జరిగిందంటావా? దస్తగిరి భయపడినట్టు పెళ్ళిళ్ళు తగ్గలేదు. మస్తానమ్మ ఎక్కిన గుర్రమే కావాలని పట్టుబట్టి పిలిచారు. అదీ లోకం.

నేను బడి మొహం చూడలేదని నీకు తెలుసుగా అమ్మడూ. ఆరేళ్ళప్పుడు మా అమ్మ చెయ్యి పట్టుకుని ఆ ఉరుసుకు వెళ్ళి, ఆ గోడ ముందు నిలబడి, దారినపోయేవాళ్ళను ఒక్కో అక్షరం అడిగి అడిగి కూడబలుక్కున్నాను. జన్మలో నేను మొదట చదివింది ఆ రాతే. ఇంక కళ్ళు మూసుకో.

కథ నడిచె కంచికి,
చుక్కమ్మ చేరె గాటికి,
నీ కట్టుకాలు దుప్పట్లోకి,
నా మనసు ఆ గోడ మీదికి:
దూదేకుల మస్తానమ్మ, 21-4-1968.