ఇసకమ్మ తల్లిని తవ్వి చూడరు

ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట, మడ చెట్ల అవతలి ఇసుక తిన్నె మీద ఇసకమ్మ తల్లి వెలసింది. పడవ దిగిన భక్తులకు అక్కడ గోపురం గాని, విగ్రహం గాని కనబడవు. నాలుగు సరుగుడు కర్రల మధ్య పసుపు చల్లిన ఇసుక మాత్రమే ఉంటుంది. కార్తీకంలో ఉత్తరదేశపు పక్షులు ఇక్కడ దిగుతాయి. మాఘంలో సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి. ఇప్పుడిది అభయారణ్యం. అటవీశాఖ వారి బోర్డు రావడానికి చాలా ముందు నుంచే ఇక్కడ ఎవరూ గవ్వ కూడా ఏరుకోరు.

పూర్వం ఇక్కడ జాలరుల గూడెం ఉండేది. తాబేలు రూపంలో వచ్చేది గంగమ్మేనని, ఆమె గుడ్లు పెట్టిన ఇసుక గూళ్ళు పాడైతే సముద్రం తిన్నెను మింగేస్తుందని వారి నమ్మకం. గూళ్ళకు కాపలా కొర్లమ్మ అనే పెద్దావిడ. ఆమె కంటికి అందరూ దొంగలే. సొంత కూతురు ఇసుకలో కూర్చుని లేచినా కుచ్చెళ్ళ వంక చూసేది.

ఒక మాఘంలో గూళ్ళు వరుసగా ఖాళీ అవసాగాయి. తెల్లవారేసరికి గుంట, చుట్టూ పెంకులు. గాలికి అడుగుజాడలు నిలిచేవి కావు. ఆ నెలలోనే గురువులు అనే బాతులకాపరి మందను మేపుకుంటూ ఏటి ఒడ్డుకు వచ్చి ఉన్నాడు. అతని బుట్టలో ఎప్పుడూ గుడ్లుండేవి. కొర్లమ్మకు ఇంకేం కావాలి?

“ఆ బుట్టలో ఏటున్నాయి?”

“బాతు గుడ్లు అత్తా.”

“అన్నీనా?”

“నమ్మకపోతే ఒకటి పొదిగి చూడు.”

మర్నాడు అతణ్ణి ఏరు దాటించి వెళ్ళగొట్టాలని పెద్దలు తీర్మానించారు. ఏరు పోటు మీద ఉంది. దాటితే బాతులు సముద్రం పాలవుతాయి. అవే అతని బతుకు.

ఆ రాత్రి గంగమ్మ తల్లి కొర్లమ్మకు కలలో కనిపించి, “అందరి ఒడీ దులిపించు. మొదట నీది” అని ఆజ్ఞాపించింది. కొర్లమ్మ మొదటి మాట శ్రద్ధగా విన్నది. రెండోది వినీ విననట్టు ఊరుకుంది.

పొద్దున్నే గూడెమంతా వరుసగా నిలబడి ఒడీ, తువ్వాలూ దులిపింది. గురువులు పంచెలోంచి తవుడు రాలింది.

“అందరివీ అయ్యాయి. మరి నీదో, అత్తా?” అన్నాడతను.

ఆడవాళ్ళు నవ్వారు. కొర్లమ్మ బొడ్డులో దోపిన కొంగు విసురుగా లాగి దులిపింది. తడి ఇసుక ముద్దలుగా రాలింది. మోచేతి లోతున తవ్వితే గాని దొరకని నల్లని ఇసుక. నవ్వులు ఆగిపోయాయి.

“నేను దొంగిలించలేదు,” అంది కొర్లమ్మ. “ఎవరైనా తీశారేమోనని రోజూ తవ్వి, గుడ్లు ఒడిలోకి తీసి చూసి, మళ్ళీ పూడ్చేస్తన్నాను.”

గురువులు రాలిన ఇసుక ముద్ద ఒకటి చిదిపి చూశాడు. “నా బాతుల కోసం తిరిగే నక్క ఒకటుంది అత్తా. అది రోజూ నీ వెనకాలే ఎందుకు పోతందో ఇప్పుడు తెలిసింది. నువ్వు వదులు చేసిన ఇసకే అది తవ్వుతంది.”

అతణ్ణి వెళ్ళగొట్టే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మిగిలింది ఒక్క గూడు. కొర్లమ్మ చేతులు కొంగులో చుట్టుకుని దాని పక్కన నలభై ఎనిమిది రోజులు కూర్చుంది. లోపల ఏమీ లేదేమోనన్న అనుమానం రోజూ ఆమె వేళ్ళను లాగింది. ఆమె తవ్వలేదు. నక్క సంగతి గురువులు చూసుకున్నాడు. నలభై తొమ్మిదో నాడు ఇసుక కదిలి, పిల్లలు పైకి వచ్చి సముద్రం దారి పట్టాయి. ఆ గూటి కిందనే తాను శిలగా ఉన్నానని తల్లి మళ్ళీ కలలో చెప్పింది. చూపించలేదు.

నేటికీ తిన్నె దిగే ముందు భక్తులందరూ ఒడి దులుపుతారు. మొదట దులిపేది కొర్లమ్మ వంశంవాడైన పూజారి. సంతానం కోరి వచ్చినవారు చేతులు కొంగులో చుట్టుకుని ఆ ఇసుక పక్కన కాసేపు కూర్చుంటారు. తల్లి వారి ఒడి నింపుతుంది.

ఇసుక కింద శిల నిజంగా ఉందా అని ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. “ముందు మీ ఒడి దులపండి,” అంటాడు పూజారి.