తలుపు చప్పుడు

పంచాయతీ ప్రెసిడెంటు చెంగల్రాయుడుగారు కారు దిగారంటే వీధి వీధంతా వినబడాలి. తలుపు ధడేలున వేయకపోతే పదవికే మచ్చని ఆయన నమ్మకం. ఒకరోజు ఆయన కూర్చునే వైపు తలుపులో స్పీకరు మూగబోయింది.

"ఇది మా డ్రైవరు ఓబులేసు నిర్వాకమే! పాడుచేసినవాడు ఎవడైనా సరే, ఇక్కణ్ణుంచి మా ఊరిదాకా ఆరు మైళ్లూ నడిచే రావాలి!" అని మెకానిక్ షెడ్డులో నలుగురి ముందూ శాసించారాయన.

ఓబులేసు మొహం వాడిపోయింది. మెకానిక్ కరీముల్లా మాత్రం తలుపు లోపలి అట్ట ఊడదీసి, స్పీకరుకు చిన్న బ్యాటరీ తాకించాడు. టక్కుమని పలికింది. 'దీనికి ప్రాణముంది, తెగింది వైరే' అనుకున్నాడు. వెతికితే, తలుపు సందులోని రబ్బరు గొట్టంలో వైరు రెండు ముక్కలై కనిపించింది. అదెలా తెగుతుందో అతనికి తెలుసు. కానీ ప్రెసిడెంటుగారి మొహాన చెప్పేదెవరు? కొసలు రెండూ ఊరికే మెలిపెట్టి వదిలాడు. కారు రేడియో పెట్టగానే ఆ స్పీకరులో పాట మొదలైంది.

"ఓబులేసూ, రోజూ వేసినట్టే తలుపు వెయ్యి," అన్నాడు కరీముల్లా.

ఓబులేసు వేశాడు. పాట సాగుతూనే ఉంది.

"అయ్యా, ఇప్పుడు తమరు. అచ్చం మీటింగు దగ్గర దిగినట్టే."

అడిగిందే చాలని చెంగల్రాయుడుగారు మీసం దువ్వి, తలుపు ధడేలున వేశారు. పాట ఠక్కున ఆగిపోయింది.

కరీముల్లా చేతులు తుడుచుకుంటూ వినయంగా అన్నాడు: "వైరు గట్టిగా అతికిస్తానయ్యా, గంట పడుతుంది. తమరు మాత్రం ఇప్పుడే బయల్దేరండి. ఎండెక్కితే నడవలేరు."